కానుగచెట్టు సంజాయిషీ

ప్రకృతి మొదట్లో ఎవరి అనుమతీ లేకుండా పుట్టింది. ఈ లోపాన్ని సరిదిద్దే భాగ్యం 1943 జూన్ నెలలో మా కార్యాలయానికి దక్కింది.

అప్పట్లో మదనపల్లెలో ఒక మిద్దె మీద ‘బహిరంగ బోధనాభివృద్ధి ప్రత్యేక పర్యవేక్షకుల కార్యాలయం’ అని ఒకటి ఉండేది. (ఇప్పుడు లేదు. వెతికి లాభం లేదు.) అందులో ఇద్దరమే మనుషులం. పర్యవేక్షకులు వరదరాజులుగారు. గుమస్తాను నేను, హనుమంతును. బడిపిల్లలకు పాఠాలన్నీ నాలుగు గోడల మధ్య కాకుండా చెట్ల కింద, మట్టిలో, వెలుతురులో చెప్పించాలన్నది మా ఆశయం. మా గదికి ఒక కిటికీ ఉండేది. దుమ్ము వస్తుందని దాన్ని మూసిపెట్టేవాళ్లం.

మా అజమాయిషీ కిందికి మూడు బడులు వచ్చాయి. మదనపల్లెలో ఒకటి, పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి. మూడింటికీ మొదటి ఉత్తర్వు నా దస్తూరీతోనే వెళ్లింది. లెక్కలు, తెలుగు, భూగోళం, చరిత్ర, ఆరోగ్యశాస్త్రం ఇకమీదట ఆరుబయట చెప్పవలెను. ఆరుబయట చెప్పుటకు ముందుగా అనుమతి పొందవలెను. అనుమతి దరఖాస్తును మాత్రం లోపల కూర్చుని రాయవలెను (గాలికి కాగితములు ఎగురును గనుక).

ఉత్తర్వు పంపిన వారం రోజులకు ఒక భయంకరమైన సంగతి బయటపడింది. పుంగనూరు మిషన్ బడిలో సువార్తమ్మ అనే టీచరు, మా ఉత్తర్వు పుట్టకముందు నుంచే, నాలుగేళ్లుగా, ఏ అనుమతీ లేకుండా ఈ నేరం చేస్తూ ఉంది.

ఆమెను తప్పుపట్టడానికి లేదు. ఆ బడికి ఉన్నది ఒకటే పొడుగాటి గది. అందులో నాలుగు తరగతులు వీపుకు వీపు ఆనించుకుని కూర్చునేవి. అయిదో తరగతికి చోటు లేదు. పడమటి కంచెకు పన్నెండడుగుల దూరంలో ఒక కానుగచెట్టు ఉండేది. సువార్తమ్మ ముప్పై ఇద్దరు పిల్లలను తీసుకుపోయి దాని కింద కూర్చోబెట్టింది. కూర్చోబెట్టి ఊరుకోలేదు. కానుగ గింజలతో భాగాహారాలు చేయించింది. వానకు పారిన నీళ్ల గాడిని చూపించి నది ఏదో ఉపనది ఏదో చెప్పింది. రాలిన ఆకును చేతికిచ్చి, దీన్ని గురించి ఆరు వాక్యాలు రాయమంది. ఆ పిల్లలకు చదువంటే భయం లేకుండా పోయింది. ఒక బడికి ఇది మంచి లక్షణమో కాదో మా కార్యాలయం ఇంకా తేల్చలేదు.

అన్నిటికంటే విచిత్రం వాళ్ల గడియారం. బడికి గడియారం లేదు. చెట్టు నీడ అంచున పిల్లలు గంటకొక తెల్లరాయి పెట్టారు. ఆ రాయి దగ్గరికి నీడ రాగానే ఒక పిల్లవాడు లేచి, వేలాడదీసిన రైలుపట్టా ముక్కను కొట్టేవాడు. పీరియడు అయిపోయేది. పక్షానికొకసారి రాళ్లను కాస్త జరిపేవారు. ఎందుకు జరపాలో వాళ్లకు తెలుసు. (నాకు తెలియదు. నేను ఎనిమిదో తరగతి దాకా గోడల మధ్యే చదివాను.)

మేము వెంటనే తరగతి గది వివరాల పత్రం పంపాం. సువార్తమ్మ నింపి పంపింది. ద్వారములు ఎన్ని? లేవు. కిటికీలు ఎన్ని? లేవు. కప్పు దేనితో చేయబడినది? ఆకులతో. మేము తిరిగి రాశాం. ద్వారములు లేనియెడల విద్యార్థులు లోపలికి ఎట్లు ప్రవేశించుచున్నారు? కప్పు రాలినచో మరమ్మతు ఎవరు చేయుదురు? రెండో ప్రశ్నకు ఆమె ‘దేవుడు’ అని జవాబిచ్చింది. సదరు వ్యక్తి చిరునామా తెలుపవలెనని అడిగాం. బడి మేనేజరు, పాస్టరు నెహెమ్యాగారు, చాలా మర్యాదగా చర్చి చిరునామా రాసి పంపారు. దానితో ఆ కాగితం తృప్తి చెందింది.

ఆగస్టులో తనిఖీకి వెళ్లాం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అవి యుద్ధం రోజులు. బస్సులకు పెట్రోలు లేదు. వెనకాల పీపా కట్టి బొగ్గు మండించి ఆ పొగతో నడిపేవారు. ఇంకో సంగతి, అంతకుముందు ఏడాదే ప్రభుత్వం దేశంలోని గడియారాలన్నీ ఒక గంట ముందుకు తిప్పించింది. పొద్దున పదకొండైతే పన్నెండు అనాలి. అందరూ అన్నారు. సువార్తమ్మ రాళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఎండ జరగనప్పుడు రాళ్లెందుకు జరపాలని ఆమె వాదం.

వరదరాజులుగారు టేపు ఒక కొస పట్టుకున్నారు. రెండో కొస నేను పట్టుకున్నాను. నిబంధన ప్రకారం పిల్లవాడికి పది చదరపు అడుగుల నీడ. ముప్పై ఇద్దరికి మూడువందల ఇరవై. మేము కొలిచేసరికి నీడలో ఒక భాగం పడమటి కంచె దాటి గురప్ప అనే రైతు వేరుశెనగ చేలోకి పోయి ఉంది. కంచెకు ఇవతల మిగిలింది రెండువందల తొంభై. అంటే ముగ్గురు పిల్లలకు చట్టప్రకారం చోటు లేదు.

“ఏమమ్మా, పన్నెండు గంటలకు నీడ చెట్టు మొదట్లో ఉండాలి కదా. మీ పత్రంలో అలాగే రాశారు” అన్నారు వరదరాజులుగారు.

“ఉంటుంది సార్. ఇంగా పన్నెండు కాలేదు” అంది సువార్తమ్మ.

ఆయన తన చేతి గడియారం చూపించారు. పన్నెండు. ఆమె తెల్లరాయి చూపించింది. పదకొండు.

“ఒక్క గంట ఈడనే కూర్చోండి సార్. నీడ దానంతట అదే లోపలికి వస్తుంది. మజ్జిగ తెప్పిస్తాను.”

“ప్రభుత్వం చెట్టు కోసం కాచుకోదమ్మా. పన్నెండున్నరకు బస్సు.”

ఆయన ముందు వరసలో ఉన్న ఒక ఆడపిల్లను లేపారు. కంచె అవతలి రైతు గురప్ప కూతురు, మునిలక్ష్మి. ఇప్పుడు టైమెంత అని అడిగారు. ఆ పిల్ల నీడవైపు చూసి, రాయివైపు చూసి, గట్టిగా “పదకొండయింది సార్” అంది. ఆయన నోటుపుస్తకంలో రాసుకున్నారు. ‘చెట్టు ఒక గంట ఆలస్యముగా నడుచుచున్నది. విద్యార్థులు చెట్టును అనుసరించుచున్నారు.’

మదనపల్లె చేరాక తాఖీదు పంపాం. చెట్టు ప్రభుత్వ కాలమును ఎందులకు పాటించుట లేదో పదిహేను దినములలో మేనేజరు ద్వారా సంజాయిషీ సమర్పించవలెను. అట్లు చేయనియెడల అయిదవ తరగతి గుర్తింపు రద్దు చేయబడును.

నెహెమ్యాగారు ఈ తాఖీదు చదివి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారట. గుర్తింపు పోతే జరిగేదేమిటో ఆయనకూ తెలుసు, సువార్తమ్మకూ తెలుసు. మగపిల్లల్లో కొందరు మదనపల్లె పోయి చదువుతారు. ఆడపిల్లలు ఇళ్లకు పోతారు. మునిలక్ష్మి కంచె దూకి అవతలికి పోతుంది, కలుపు తీయడానికి.

ముందుగా కంచె గొడవ తీర్చుకోవడానికి గురప్ప దగ్గర ఒప్పుకోలు పత్రం తీసుకోవాలనుకున్నాం. తన చేలో పడే నీడ బడిదేనని అతను రాసివ్వాలి. ఆ పత్రం రాయించడానికి నన్నే పంపారు. గురప్ప చేని గనిమ గట్టు మీద కూర్చుని అంతా విన్నాడు.

“నీడకు గూడా పత్రమా? నాకేం పనప్పా ఆ నీడతో? అది పడే మూల శెనక్కాయ సరిగ్గా ఊరదు. మీకు కావాలంటే ఎత్తుకోని పోండి.”

“ఎత్తుకుపోవడం కుదరదు గురప్పా. ఎల్లలు చెప్పు. తూర్పు, పడమర రాయాలి.”

“యా పొద్దుకు ఎల్లలు సెప్పేది? అది కుదురుగా ఉండదు కదా, నడస్తానే ఉండాది.”

ఈ మాట యథాతథంగా రాసుకుని వేలిముద్ర తీసుకున్నాను. కదులుతున్న ఆస్తిని స్థిరాస్తిగా నమోదు చేయలేమని వరదరాజులుగారు తోసిపుచ్చారు.

ఆ నెలలోనే మూడు బడుల టీచర్లకూ మదనపల్లెలో సమావేశం పెట్టాం. కుప్పం టీచరు ప్రసాదరావుకు ఆదర్శ బహిరంగ బోధకుడని యోగ్యతాపత్రం ఇచ్చాం. ఆయన రిజిస్టరు అంత అందంగా ఉండేది. నీడ పొద్దున నాలుగువందల చదరపు అడుగులు, మధ్యాహ్నం నాలుగువందలు, సాయంత్రం నాలుగువందలు. ముసురు పట్టిన రోజుల్లో కూడా నాలుగువందలే. సమావేశం అయ్యాక మెట్ల దగ్గర సువార్తమ్మ ఆయన్ను పట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను.

“ప్రసాదరావన్నా, మీ ఆడ ఏం చెట్టుండాది, అంత కుదురుగా నీడ ఇచ్చేది?”

“చెట్టు యాడిదమ్మా? రిజిస్టరు ఉండాది” అన్నాడాయన, ఏ కల్మషం లేకుండా. “పిల్లోళ్లు లోపలే ఉండారు. సల్లగా ఉండారు. నువ్వు గూడా అట్లే రాసెయ్. యాల ఈ తంటా అంతా?”

“ఎదురుగా ముప్పైరెండు మంది కూర్చోని ఉంటారన్నా. వాళ్ల ముందర లేనిది ఎట్ల రాసేది?”

“వాళ్లను ఆ పక్కకు తిరిగి కూర్చోమను.”

సువార్తమ్మ నవ్వలేదు. నేను నవ్వాను. తర్వాత దాని గురించి చాలాసార్లు ఆలోచించాను.

సంజాయిషీ గడువు దగ్గరపడింది. చెట్టు తరఫున ఎవరు రాయాలన్నది ప్రశ్న. సువార్తమ్మ దాన్ని తెలుగు పీరియడులో తేల్చేసింది. అయిదో తరగతి మొత్తాన్ని చెట్టు కింద కూర్చోబెట్టి, చెట్టే మాట్లాడుతున్నట్టు సంజాయిషీ రాయండర్రా అంది. ముప్పై రెండిట్లో మంచిదాన్ని ఎంచి, మేనేజరు సంతకంతో పంపింది. అది మునిలక్ష్మి రాసింది. ఆ కాగితం ఫైల్లో చాలాకాలం ఉండింది, నాకు కంఠతా వచ్చు.

‘అయ్యా, నేను సూర్యుని కింద పనిచేస్తున్నాను. ఆయన ఎటు పోతే నేను దానికి ఎదురు దిక్కుకు నీడ పంపాలి. గంట ముందుకు జరగమని ఆయనకు ఉత్తర్వు అందినట్టు లేదు. అందిన రోజు ఆయన జరుగుతాడు. నేనూ జరుగుతాను. నాకు వేరే పని లేదు. ఇట్లు, కానుగచెట్టు.’

వరదరాజులుగారు దీన్ని రెండు రోజులు చదివారు. సూర్యుడు ఏ శాఖ కిందికి వస్తాడో తెలుపవలసిందని మద్రాసుకు రాశారు. (జవాబు రాలేదు. యుద్ధకాలం కదా, ఆ సంగతి రహస్యమై ఉంటుంది.) చివరికి సంజాయిషీ తృప్తికరంగా లేదని, పైగా పొగరుగా ఉందని నిర్ణయించారు. సెప్టెంబరు ఆఖరున మరోసారి తనిఖీ. చెట్టు తరఫున రాసిన విద్యార్థినినే నిలబెట్టి అడుగుతారు. ఆ పిల్ల జవాబు ప్రభుత్వ కాలంతో సరిపోతే తరగతి ఉంటుంది. లేకుంటే ఆ రోజే తాళం. (దేనికి వేయాలన్నది తర్వాత ఆలోచిద్దామన్నారు.)

ఆ రోజు ఉదయం తొమ్మిదికి బొగ్గు బస్సు ఎక్కాం. ఊరు దాటి కాస్త దూరం పోగానే బస్సు ఒక గోతిలో దిగి లేచింది. అందరి తలలూ పైకప్పుకు తగిలాయి. వరదరాజులుగారి చేయి కిటికీ ఊచకు కొట్టుకుంది. తర్వాత బస్సు రెండుసార్లు ఆగిపోయింది. క్లీనరు దిగి, పీపా కింద ఇనుపచువ్వ పెట్టి బొగ్గులు కెలికాడు. ప్రయాణికులందరం దిగి తోశాం. ఒక ఊళ్లో డ్రైవరు అంబలి తాగాడు. పుంగనూరులో దిగేసరికి నా నీడ నా చెప్పుల దగ్గరికొచ్చింది.

వరదరాజులుగారు చేతి గడియారం చూసుకుని ఆశ్చర్యపోయారు. “తొమ్మిదింబావు! చూశావా హనుమంతూ, పదిహేను నిమిషాల్లో వచ్చేశాం. యుద్ధం వచ్చాక సామర్థ్యం ఎంత పెరిగిందో!”

గడియారం గోతి దగ్గర ఆగిపోయిందని నాకు అప్పుడే అర్థమైంది. చెబుదామని నోరు తెరిచాను. పై అధికారి గడియారం గురించి కిందివాడు చెప్పే పద్ధతి ఏ నిబంధనలోనూ లేదు. నోరు మూసుకున్నాను.

టేపు వేశాం. నీడ మొత్తం కంచెకు ఇవతలే ఉంది. నాలుగువందల యాభై చదరపు అడుగులు. గురప్ప చేలో ఒక్క అడుగు కూడా లేదు. వరదరాజులుగారి ముఖం వికసించింది.

“పన్నెండుకు రావాల్సిన నీడ తొమ్మిదింబావుకే వచ్చిందమ్మా! పోయినసారి గంట ఆలస్యం. ఇప్పుడు దాదాపు మూడు గంటలు ముందు. చూశారా, ఒక్క తాఖీదుకు చెట్టు ఎలా దారికొచ్చిందో.”

సువార్తమ్మ నావైపు చూసింది. నేను టేపు వైపు చూశాను.

“సార్...” అంది ఆమె. పక్కనున్న నెహెమ్యాగారు మెల్లగా దగ్గారు. ఆమె ఆగిపోయింది. ఎండ నడినెత్తిన ఉంది. ఎవరో ఆకలేస్తోందని గొణిగారు.

మునిలక్ష్మిని పిలిచారు. ఆ పిల్ల వచ్చి నిలబడింది. ఉతికిన పావడా, నూనె పెట్టి లాగి దువ్విన జడ. కంచె అవతల గురప్ప పార పట్టుకుని, పని చేస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. చాలాసేపటి నుంచి ఆ పార కదలలేదు.

“నువ్వేనా చెట్టు తరఫున రాసింది? చెట్టును చూసి చెప్పు. ఇప్పుడు టైమెంత?”

నీడ పన్నెండు గంటల రాయి మీద ఉంది. ఆ పిల్ల రాయి వైపు చూసింది. పెదవి కదిలింది. తర్వాత వాళ్ల టీచరమ్మను చూసింది. టీచరమ్మ నేల చూస్తోంది. అప్పుడు ఆ పిల్ల కళ్లు వరదరాజులుగారి చేతి మీదికి వెళ్లాయి. నేను టేపు కొస పట్టుకుని కిందే కూర్చుని ఉన్నాను గనుక ఆ చూపు ఎటు పోయిందో నాకొక్కడికే కనబడింది. గడియారం చూసి ఒక్క క్షణం తికమక పడింది. మళ్లీ తలెత్తి ఎండను చూసింది. ఆ తర్వాత తల దించుకుంది.

“తొమ్మిదింబావు సార్.”

వెనక కూర్చున్న ముప్పై ఒక్కమందిలో ఒక్కరూ కిక్కురుమనలేదు. వరదరాజులుగారు గడియారం చూసుకున్నారు. ముల్లుతో సహా సరిపోయింది.

“భేష్! ఎలా తెలిసిందమ్మా?”

“చెట్టు చెప్పింది సార్.”

ఆయన చాలా సంతోషించారు. అయిదో తరగతికి మూడేళ్ల గుర్తింపు అక్కడికక్కడే రాసి సంతకం పెట్టారు. నెహెమ్యాగారు స్తోత్రం చెప్పారు. కంచె అవతల పార కదిలింది.

బస్సు వచ్చేలోపు వరదరాజులుగారు పాస్టరుగారింట భోంచేశారు. (పొద్దున తొమ్మిదింబావుకే అంత ఆకలేమిటా అని ఆయనే ఆశ్చర్యపోయారు.) నేను టేపు చుట్టుకుంటూ చెట్టు కిందే ఉండిపోయాను. పిల్లలు అన్నాలకు వెళ్లిపోయారు. మునిలక్ష్మి మాత్రం వెళ్లలేదు.

“అమ్మా, తప్పు సెప్పినాను కదా నేను?”

సువార్తమ్మ వంగి ఒక తెల్లరాయి మీది మట్టి తుడిచింది. నాలుగేళ్లలో పిల్లలు ఏం అడిగినా ఆమె దగ్గర జవాబుండేది.

“తరగతి నిలబడింది పాపా” అంది చివరికి. “పో, సంగటి తిను.”

“రేపట్నుంచి రాళ్లు పెట్టల్లా వద్దా?”

“పెట్టు. వాళ్లు వచ్చే రోజు మాత్రం తీసి పక్కన పెట్టు.”

నాకు సిగ్గేసింది. టీచరమ్మా, ఇందాక నేనే చెప్పి ఉండాల్సింది అన్నాను. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. “నీ ఉద్యోగం నీకుండల్ల కదా హనుమంతప్పా” అని మాత్రం అంది. తర్వాత కానుగ గింజలన్నీ ఏరి డబ్బాలో పోసుకుని లోపలికి వెళ్లింది.

తిరుగు బస్సు ఇంకా నిదానంగా నడిచింది. కార్యాలయం చేరగానే వరదరాజులుగారు నివేదిక చెప్పారు, నేను రాసుకున్నాను. పుంగనూరు విద్యార్థులు ప్రకృతిని సూటిగా పరిశీలించి సత్యమును స్వయముగా గ్రహించుచున్నారు. చెట్టు ప్రవర్తన సంతృప్తికరము. సంజాయిషీ ఫైలు మూసివేయడమైనది. ఈ పద్ధతిని మిగిలిన బడులలో కూడ అమలు పరచవలెను.

నివేదిక అడుగున తేదీ, సమయం వేయడం మా ఆఫీసు ఆనవాయితీ. తేదీ వేసి, టైమెంతండీ అని అడిగాను. ఆయన చేయి ముందుకు చాపి చూసుకున్నారు.

“తొమ్మిదింబావు.”

కింద వీధిలో దీపాలు వెలిగిస్తున్న సందడి వినిపిస్తోంది. గదిలో అక్షరాలు సరిగా కనబడటం లేదు. నేను కిటికీ తెరవలేదు. ఉదయం తొమ్మిదింబావు అని రాసి, సంతకానికి పెట్టాను.